ఆమెకు ఒక తేదీ కావాలి

డిగ్నాబాద్, శ్రీ విజయపురం

అండమాన్ నికోబార్ దీవుల లెఫ్టినెంట్ గవర్నర్ గారికి,



భర్త ఆసుపత్రిలో పోతే, 21 రోజుల్లోపు నమోదు చేయించిన భార్యకు రుసుము కూడా లేకుండా మరణ ధ్రువపత్రం చేతికొస్తుంది. రోడ్డు ప్రమాదంలో పోతే పంచనామా, పోస్టుమార్టం అయ్యాక అదే పత్రం వస్తుంది. సముద్రంలో చేపల వేటకు వెళ్ళి తిరిగిరాని మనిషి భార్యను మాత్రం ఏడేళ్ళు ఆగమంటారు. ఆ ఏడేళ్ళూ ఆమె భర్త ఉన్న మనిషీ కాదు, భర్త పోయిన మనిషీ కాదు. బీమా, పింఛను, బ్యాంకు ఖాతా, బోటు కాగితాలు అన్నీ ఆగిపోతాయని అందరికీ తెలుసు. వాటి మీద అప్పుడప్పుడు అర్జీలు కూడా వెళ్తుంటాయి. వాటన్నిటికంటే ముందు ఆగిపోయేది ఆమె ఏడుపు. కట్టుకున్నవాడు పోయాడని ఒప్పుకుని, తనివితీరా ఏడ్చి, ఏటా ఒక రోజున అతని పేరు మీద దీపం పెట్టుకునే హక్కు ఆగిపోతుంది. దాని మీద ఎవరూ అర్జీ పెట్టరు. సముద్రంలో గల్లంతైన మనిషి భార్యకు ప్రభుత్వం ఒక తేదీ ఇవ్వాలి. ఏడేళ్ళు ఆగకుండా ఆరు నెలల్లో ఇవ్వాలి. అందుకు కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ దీవులకు శాసనసభ లేదు, నిర్ణయం మీ కార్యాలయానిదే కాబట్టి మీకు రాస్తున్నాను.

2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల జనంలో నూటికి పదముగ్గురు తెలుగు తమ మాతృభాష అని చెప్పుకున్నారు. వారిలో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాల్లో ఉన్నాయి. జంగ్లీఘాట్ రేవులో పొద్దున్నే చేప దిగే వేళకు వినిపించే మాటల్లో ఉత్తరాంధ్ర యాస ఇప్పటికీ పోలేదు. విశాఖ నుంచి ఇక్కడికి సుమారు 1,200 కిలోమీటర్లు, ఓడలో రెండున్నర మూడు రోజుల ప్రయాణం. అంటే ఇక్కడి మత్స్యకారుడికి ఏదైనా అయితే అతని భార్యకు పుట్టింటివాళ్ళు వెంటనే చేరుకోలేరు. చుట్టూ ఉన్నది దాదాపు 6 లక్షల చదరపు కిలోమీటర్ల ఆర్థిక మండలి సముద్రం, దేశం మొత్తానికి ఉన్నదానిలో నాలుగో వంతుకు మించినది. చిన్న డుంగీల మీద, ఇంజను బోట్ల మీద ఆ నీళ్ళలోకి వెళ్ళేవాళ్ళలో కొందరు తిరిగి రారు. రాకపోతే రెండు రోజులు పత్రికల్లో వార్త వస్తుంది, కోస్ట్ గార్డు వెతుకుతుంది, ఆ తర్వాత వార్తా ఆగుతుంది, వెతుకులాటా ఆగుతుంది. ఆగనిది ఆ ఇంట్లో ఎదురుచూపు ఒక్కటే.

దుఃఖం మనసుకు సంబంధించినది కదా, దానికి సర్కారు కాగితంతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. మన సాహిత్యంలోనే దీనికి జవాబు ఉంది. తిక్కన తెలుగు చేసిన భారతంలో స్త్రీపర్వం చూడండి. యుద్ధం ముగిశాక కురుస్త్రీలు రణభూమికి వస్తారు. తెగిపడిన చేతుల మధ్య, గుర్తుపట్టలేని మొహాల మధ్య, ఎవరి భర్తను వాళ్ళు వెతుక్కుంటారు. దొరికాకే ఏడుపు మాటగా మారుతుంది, ఏడ్చాకే గంగ ఒడ్డున నీళ్ళు వదులుతారు. రామాయణంలో తార వాలి దేహం మీద పడి ఏడ్చింది, మండోదరి రావణుడి దేహం దగ్గర కూర్చుని ఏడ్చింది. భారతంలోనే దమయంతి కథ వేరు. నలుడు అడవిలో వదిలి వెళ్ళిపోయాక ఆమె వెతికింది, దిక్కుదిక్కుకూ బ్రాహ్మణులను పంపింది, చివరికి అతన్ని రప్పించడానికి రెండో స్వయంవరం అని కబురు కూడా పంపించింది. ఆమె దుఃఖపడలేదని కాదు, ఆ దుఃఖానికి శోకంగా మారే వీలు లేదు. భర్త ఉన్నాడో లేడో తెలియని మనిషి వెతకడం మానలేదు. వెతకడం మానలేని మనిషి తలుచుకోవడం మొదలుపెట్టలేదు. విశ్వనాథ సత్యనారాయణ గారు భార్య వరలక్ష్మమ్మ గారు పోయాక ఆమె మీద మూడువందల పద్యాలు రాసి 'వరలక్ష్మీ త్రిశతి' అని పేరు పెట్టుకున్నారు. అంత పెద్ద శోకం పద్యంగా మారగలిగిందంటే, ఆయన ఎదుట ముగిసిపోయిన ఒక జీవితం ఉంది. ముగిసిందో లేదో తెలియని జీవితం మీద ఎవరూ త్రిశతి రాయలేరు.

అమెరికాలో పౌలిన్ బాస్ అనే మనస్తత్వ పరిశోధకురాలు గల్లంతైనవారి కుటుంబాలతో దశాబ్దాలుగా పనిచేశారు. వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల భార్యలతో మొదలైన పని అది. ఇలాంటి కోల్పోవడం మిగతా అన్నిటికంటే ఎక్కువ ఒత్తిడి పెట్టేదని ఆమె నిర్ధారణ. దుఃఖించేవాళ్ళలో ఏదో లోపం ఉండటం వల్ల కాదు, వాళ్ళున్న పరిస్థితికే ముగింపు లేకపోవడం వల్ల. ఈ సంగతి మన పేటల్లో పెద్దవాళ్ళకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. సమస్య ఏమిటంటే, తెలిసినా వాళ్ళ చేతుల్లో ఏమీ లేదు.

ఆ ఇంటి లోపల ఏం జరుగుతుందో చూడండి. పదో రోజు చేయాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న. చేస్తే, బతికున్నవాడికి కర్మ చేసినట్టవుతుందని అత్తగారు భయపడుతుంది. చేయకపోతే, పోయినవాడి ఆత్మకు నీళ్ళు లేకుండా చేశారని చుట్టాలు అంటారు. ఆమె నుదుట బొట్టు ఉంటే ఒక మాట, తీసేస్తే ఇంకో మాట. పెళ్ళిలో ఆమెను అక్షింతలు వేయమని పిలవాలో వద్దో పిలిచేవాళ్ళకు తెలియదు, పిలవకపోతే ఎందుకు పిలవలేదో ఆమెకు చెప్పేవాళ్ళు ఉండరు. గోడ మీద అతని ఫొటో ఉంటుంది, దానికి దండ ఉండదు. కొన్నాళ్ళకు ఆ ఫొటో కింద చిన్న దీపం పెట్టి, ఎవరైనా వస్తున్నారనగానే తీసేసే ఇళ్ళు ఉంటాయి. చర్చికి వెళ్ళే కుటుంబాల్లోనూ ఇదే చిక్కు: జ్ఞాపకార్థ కూడిక పెట్టాలంటే పాస్టరు గారు మొదట అడిగేది ఏ రోజున పోయాడని. స్కూలు ఫారంలో తండ్రి పేరు పక్కన 'లేట్' అని రాయాలా అని పిల్లవాడు అడిగితే తల్లి ఏం చెబుతుంది? వితంతు పింఛను ఫారంలో 'భర్త మరణించిన తేదీ' అనే గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం తీసుకోరు. నిజానికి ఆమె జీవితంలో ఉన్న ఖాళీలన్నీ ఆ ఒక్క గడిలోనే ఉన్నాయి. ఆబ్దికానికి తిథి కావాలి, కూడికకు రోజు కావాలి, ఫారానికి తేదీ కావాలి. భర్తను ప్రేమగా తలుచుకోవడానికి కూడా, ఏడాదిలో ఫలానా పూట అతనిదని చెప్పుకోవడానికి కూడా, అదే కావాలి.

శవం దొరకని చావుకు మన పాతవాళ్ళు దారి చూపలేదని అనుకోవద్దు. దేహం దొరకనివారికి మోదుగ ఆకుల కాడలు 360 పేర్చి, దర్భలతో కట్టి, మనిషి ఆకారం చేసి దానికి దహనం చేయాలని గరుడ పురాణం లాంటి గ్రంథాల్లో విధి ఉంది. తిథి తెలియనివారిని భాద్రపద బహుళ అమావాస్య, అదే మహాలయ అమావాస్య నాడు తలుచుకోమన్నారు. ఎక్కడున్నాడో తెలియనివాడి కోసం పన్నెండేళ్ళు చూసి ఆ తర్వాత కర్మ చేయమన్న స్మృతివాక్యాలూ ఉన్నాయి. ఆ గడువు సంగతి పక్కన పెట్టండి, గడువంటూ ఒకటి ఉండాలని వాళ్ళకు తోచడం ముఖ్యం. ఫ్రాన్సుకు పడమటి కొసన ఉషాంట్ అనే దీవి ఉంది. అక్కడి మగవాళ్ళు ఓడల్లో పనికి వెళ్ళి సముద్రంలో పోతే, చిన్న మైనపు శిలువ ఒకటి చేసి ఆ ఇంటికి తెచ్చేవారు. రాత్రంతా దాని చుట్టూ కూర్చుని, దేహం ఉన్నట్టే ప్రార్థించి, మర్నాడు ఊరేగింపుగా చర్చికి తీసుకెళ్ళేవారు. 1962 దాకా ఆ ఆచారం నడిచింది. మన మోదుగ కాడలకూ వాళ్ళ మైనపు శిలువకూ మధ్య ఏ పరిచయమూ లేదు, అయినా రెండూ ఒకే అవసరంలోంచి పుట్టాయి. తిరిగిరాని మనిషిని ఊరంతా కలిసి ఒక రోజున పంపించాలి. ఆ భారం భార్య ఒక్కదాని మీద వేయకూడదు. 'ఆశ వదులుకున్నది' అన్న నింద ఆమె మీద పడకుండా ఊరు తన మీద వేసుకోవడం అందులో ఉన్న దయ.

ఇప్పుడు ఆ పని ఊరు చేయలేకపోవడానికి కారణం చట్టం. ఈ కాలంలో ఏ పురోహితుడైనా, ఏ కులపెద్దయినా ముందు అడిగేది సర్కారు ఏమంటుందని. సర్కారు చెప్పేది ఏడేళ్ళు. ఈ ఏడేళ్ళ లెక్క ఎక్కడ పుట్టిందో చూస్తే మన దీవులకు సంబంధించిన విషయమే అనిపిస్తుంది. ఇంగ్లండులో 17వ శతాబ్దం మొదట్లో వచ్చిన ద్విభార్యాత్వ నిషేధ చట్టం, సముద్రాల అవతలికి వెళ్ళి ఏడేళ్ళు జాడ లేని మనిషి విషయంలో మినహాయింపు ఇచ్చింది. 1666లో వచ్చిన మరో చట్టం ఆస్తి వ్యవహారాల్లో అదే లెక్క వాడింది. తెరచాప ఓడలో వెళ్ళిన మనిషి నుంచి ఉత్తరం రావడానికే ఏడాది పట్టే రోజులవి. ఆ లెక్కను 1872 భారత సాక్ష్య చట్టంలో 108వ సెక్షనుగా పెట్టారు. అదే ఏడు వైస్రాయి లార్డ్ మేయో ఇక్కడ హోప్ టౌన్ జెట్టీ దగ్గర హత్యకు గురయ్యాడు. ద్వీపాంతర శిక్ష పడి వచ్చినవాళ్ళ భార్యలు అవతలి ఒడ్డున ఏళ్ళ తరబడి కబురు లేకుండా గడిపిన కాలం అది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అదే మాట 111వ సెక్షనులో ఉంది. నాలుగు వందల ఏళ్ళలో ఓడలు మారాయి, రేడియో వచ్చింది, ఉపగ్రహం వచ్చింది, ఏడు అనే అంకె మారలేదు.

ఆ ఏడేళ్ళు ఓపిక పట్టినా తేదీ దొరుకుతుందా అంటే అదీ లేదు. భారత జీవిత బీమా సంస్థకూ అనురాధ అనే ఆమెకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2004లో తీర్పు ఇచ్చింది. భర్త కనిపించకుండా పోయాడు. ఏడేళ్ళు గడిచాక బీమా సొమ్ము అడిగారు. ఏడేళ్ళు జాడ లేకపోతే మనిషి లేడని ఊహించవచ్చు గానీ, ఎప్పుడు పోయాడో చట్టం ఊహించదనీ, కనిపించకుండా పోయిన రోజే పోయాడని అనుకోవడానికి వీల్లేదనీ కోర్టు చెప్పింది. మధ్యలో ప్రీమియం కట్టలేదు కాబట్టి పాలసీ రద్దయిందన్న బీమా సంస్థ వాదనే నెగ్గింది. చట్టం తర్కం ప్రకారం ఆ తీర్పులో తప్పు పట్టలేం. కానీ దాని అర్థం ఆ ఇంట్లో ఎలా వినిపిస్తుందో ఆలోచించండి: నీ భర్త పోయాడు, ఎప్పుడు పోయాడో మేం చెప్పం. ఇంకొక పక్క హిందూ వివాహ చట్టం 13వ సెక్షను, ఏడేళ్ళు జాడ లేని భర్త నుంచి విడాకులు తీసుకోవచ్చని చెబుతుంది. ముస్లిం స్త్రీలకు 1939 చట్టం నాలుగేళ్ళకే ఆ దారి ఇచ్చింది. విడిపోదలచుకున్న భార్యకు చట్టం తలుపులు తెరిచింది, మంచిదే. అతన్నే భర్తగా గుండెలో ఉంచుకుని, పోయాడని మాత్రం ఒప్పుకోదలచుకున్న భార్యకు తలుపు ఎక్కడ?

తలుపు ఉంది, అది వేరేవాళ్ళ కోసం తెరిచారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కనిపించకుండా పోతే, పోలీసులకు ఫిర్యాదు నమోదైన ఆరు నెలలకు అతని కుటుంబానికి కుటుంబ పింఛను మంజూరు చేయవచ్చు. అతను తిరిగి వస్తే ఇచ్చిన సొమ్ము సర్దుబాటు చేసుకుంటామని కుటుంబం దగ్గర పూచీకత్తు రాయించుకుంటారు. మీ పాలనలోని కార్యాలయాల్లో పనిచేసేవాళ్ళకు కూడా ఈ నియమం తెలుసు. గుమాస్తా భార్య ఆరు నెలలు ఆగితే చాలు, సరంగు భార్య ఏడేళ్ళు ఆగాలి! ఇద్దరిలో ఎవరి భర్త తిరిగి వచ్చే అవకాశం ఎక్కువో నేను చెప్పనక్కర్లేదు. ఊళ్ళో కనిపించకుండా పోయినవాడు ఇంకో ఊళ్ళో ఉండవచ్చు. నడిసముద్రంలో బోటు మునిగినవాడికి ఇంకో ఊరు లేదు. జపాన్ పౌరస్మృతి ఈ తేడాను ఎప్పుడో గుర్తించింది: మామూలుగా కనిపించకుండా పోయినవారికి ఏడేళ్ళు, మునిగిన ఓడలో ఉన్నవారికి ఏడాది.

ఈ దీవులకే ఇంకా దగ్గరి సాక్ష్యం ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కార్ నికోబార్, కచాల్, గ్రేట్ నికోబార్ లాంటి చోట్ల వేలమందిని సముద్రం తీసుకెళ్ళింది. ఈ దీవుల్లో చనిపోయినవారూ గల్లంతైనవారూ కలిపి 3,500 మంది దాకా అని అధికారిక లెక్క, వారిలో అత్యధికుల దేహాలు దొరకలేదు. ఆ కుటుంబాలను 2011 దాకా ఆగమని ఎవరూ అనలేదు. విచారణ జరిపి, జాబితాలు ప్రకటించి, గల్లంతైనవారికి మరణ ధ్రువపత్రాలు ఇచ్చే ఏర్పాటు చేశారు. 2013లో ఉత్తరాఖండ్ వరదల తర్వాత, 2021లో చమోలీ ప్రమాదం తర్వాత అదే తరహా పద్ధతి పాటించారు. 2017లో ఓఖీ తుఫాను కేరళ, తమిళనాడు మత్స్యకారులను పొట్టనపెట్టుకున్నాక, కేరళ ప్రభుత్వం తిరిగిరానివారి కుటుంబాలకు కూడా చనిపోయినవారి కుటుంబాలతో సమానంగా 20 లక్షల రూపాయల సాయం ఇచ్చింది. వందలమంది ఒకేసారి పోతే చేయగలిగిన పనిని, ఒక్కడు పోయినప్పుడు చేయలేకపోవడానికి కారణం ఏదీ నాకు కనిపించలేదు. పక్కింటి ఆమె భర్త కూడా అదే రోజున పోయి ఉంటే ఈమెకు పత్రం వచ్చేదన్నమాట!

ఏడేళ్ళ నియమం కేంద్ర చట్టంలో ఉంది కాబట్టి దీవుల పాలనా యంత్రాంగం చేయగలిగింది లేదనేది మొదట వినిపించే అభ్యంతరం. ఆ సెక్షను రుజువు భారం ఎవరిదో చెప్పే నియమం మాత్రమే. ఏడేళ్ళు దాటితే, బతికున్నాడని చెప్పేవాడు రుజువు చేయాలి. ఏడేళ్ళ లోపు, పోయాడని చెప్పేవాడు రుజువు చేయాలి. రుజువు చేయకూడదని ఎక్కడా లేదు. బోటు శకలాలు, వెంట వెళ్ళి బతికి వచ్చిన కళాసీ చెప్పిన మాట, ఆ రోజు వాతావరణ హెచ్చరిక, కోస్ట్ గార్డు వెతికి వెతికి ఆపేసిన నివేదిక ఇవన్నీ రుజువులే. దేశంలో సముద్ర రక్షణ సమన్వయ కేంద్రాలు మూడే ఉంటే అందులో ఒకటి ఇక్కడే ఉంది. ఇస్రో తయారుచేసిన ఆపద సంకేత పరికరాలు ఉన్నాయి. లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. బోటు చివరి సంకేతం ఏ అక్షాంశం దగ్గర ఆగిందో గంటతో సహా చెప్పగలిగే రోజుల్లో, ఎప్పుడు పోయాడో తెలియదనడం కుదరదు. జనన మరణాల నమోదు చట్టం 30వ సెక్షను కింద కేంద్రం ఆమోదంతో నియమాలు చేసే అధికారం ఉంది. 2023 సవరణ తర్వాత ఆలస్యపు నమోదుకు ఉత్తర్వు ఇచ్చే అధికారం కూడా జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ల దాకా వచ్చింది. కావలసింది విచారణ జరిపే బాధ్యత ఫలానా అధికారిదని రాతపూర్వకంగా చెప్పడమే.

మోసాల భయం రెండోది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారుల ప్రమాద బీమా 5 లక్షలు ఉంది కాబట్టి, దాక్కుని పోయినట్టు నటిస్తారని కొందరి అనుమానం. ఉద్యోగుల విషయంలో పూచీకత్తుతో తీరిన అనుమానం మత్స్యకారుల విషయంలో తీరకపోవడానికి కారణం లేదు. పైగా బోటుతో సహా మాయమై, తోటి కళాసీల నోళ్ళు మూయించి, రేవులో ఉన్న వందల కళ్ళను మోసం చేయడం ఈ చిన్న ఊళ్ళో సాధ్యమయ్యే పని కాదు.

మూడోది నిజంగా బరువైన అభ్యంతరం, దీన్ని తేలిగ్గా తీసేయను. తిరిగి వస్తే? వచ్చినవాళ్ళు ఉన్నారు. 2018 నవంబరులో గుజరాత్ తీరాన వేట చేస్తూ పాకిస్తాన్‌కు పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికి వచ్చారు. వాళ్ళ కథ ఆధారంగానే 'తండేల్' సినిమా వచ్చింది. 2019లో మన షహీద్ ద్వీప్ నుంచి బయల్దేరిన ఒక మనిషి తుఫానులో చిక్కుకుని, 28 రోజులు సముద్రం మీద కొట్టుకుపోయి ఒడిశా తీరంలో ప్రాణాలతో ఒడ్డెక్కాడు. ఆయన వెంట ఉన్న స్నేహితుడు దారిలోనే పోయాడు. ఇలాంటి కబుర్లు విన్న ఏ భార్య అయినా ఎలా ఆశ వదులుకుంటుంది? అయితే ఈ రెండు సంఘటనలను కాస్త దగ్గరగా చూడండి. పాకిస్తాన్‌కు పట్టుబడినవారు జాడ లేనివారు కారు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, భార్యలకు భర్తలు ఎక్కడున్నారో తెలుసు. వాళ్ళు చేసింది పోరాటం, ఢిల్లీ దాకా వెళ్ళి అర్జీలు ఇచ్చారు. ఇక 28 రోజులు కొట్టుకుపోయిన మనిషి 28వ రోజున దొరికాడు. ఆరు నెలల గడువు అలాంటి అద్భుతాలకు చోటు వదిలే గడువే. అప్పటికీ ఎవరైనా వస్తే? పత్రం రద్దవుతుంది, ఊరంతా పండగ చేసుకుంటుంది. పోయాడని ఏడ్చిన ఏడుపు వృథా అయిందని ఆమె బాధపడదు. ఏడేళ్ళు ఏడవకుండా ఆపిన ఏడుపును మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఈ అభ్యంతరంలో ఉన్న నిజాన్ని గౌరవించే దారి కూడా ఒకటి ఉంది. శ్రీలంక 2016లో చట్టాన్ని సవరించి, జాడ తెలియనివారి కుటుంబాలు కోరితే మరణ పత్రానికి బదులు 'కనిపించకుండా పోయారు' అనే ధ్రువపత్రం తీసుకునే వీలు కల్పించింది. ఆ పత్రంతో ఖాతా తెరుచుకోవచ్చు, సాయం తీసుకోవచ్చు, భర్త చనిపోయాడని సంతకం పెట్టనక్కర్లేదు. అక్కడ యుద్ధంలో మాయమైనవారి కోసం అది పుట్టింది, ఇక్కడ సముద్రం తీసుకున్నవారికీ అది పనికొస్తుంది. ఎదురుచూడదలచిన భార్యను బలవంతంగా వితంతువును చేయడం ఏడేళ్ళు ఆపడమంత క్రూరమే. కాబట్టి ఏ పత్రం కావాలో, కావాలో వద్దో కూడా, ఆమే చెప్పాలి. అత్తింటివాళ్ళు కాదు, బోటు యజమాని కాదు, అప్పు ఇచ్చినవాడు అసలే కాదు.

మన తెలుగు పెద్దలకు కూడా ఇదే ఉత్తరంలో ఒక మాట చెప్పాలి. తేదీ చేతికి రాగానే గాజులు పగలగొట్టే తతంగం మొదలవుతుందని భయపడే భార్యలు ఉంటారు, ఆ భయం న్యాయమైనదే. ఆమె పత్రం అడగకపోవడానికి అదొక కారణం కాకూడదు. మహారాష్ట్రలో హేర్వాడ్ గ్రామసభ 2022 మేలో గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరపడం, మంగళసూత్రం తీయించడం ఇక ఊళ్ళో ఉండవని తీర్మానించింది. తెలంగాణలో బాలవికాస సంస్థ ఏళ్ళుగా ఇదే పని చేస్తూ భర్త పోయిన స్త్రీలకు పూర్ణాంగిని అన్న పేరు పెట్టింది. రాజమండ్రిలో వీరేశలింగం గారు 1881లో మొదటి వితంతు వివాహం జరిపించిన జాతి మనది. భర్త జ్ఞాపకం కావాలా, నుదుటి బొట్టు కావాలా అని ఆమెను ఎంచుకోమనే అధికారం మనకు ఎవరిచ్చారు?

లెఫ్టినెంట్ గవర్నర్ గారూ, మీ నుంచి కోరేవి ఇవి. సముద్రంలో గల్లంతైన కేసుల్లో ఫిర్యాదు నమోదైన ఆరు నెలలకు, భార్య గానీ భర్త గానీ అడిగితే, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు విచారణ ముగించి ఉత్తర్వు ఇచ్చేలా ఒక స్థాయీ ఆదేశం జారీ చేయండి. వెతుకులాట ఆపిన రోజున కోస్ట్ గార్డు, మత్స్యశాఖ, పోలీసు నివేదికల నకళ్ళు ఆమె అడగకుండానే ఆమె ఇంటికి పంపండి, ఆమె చదవగలిగే భాషలో. పత్రంలో తేదీ గడి ఖాళీగా వదలకండి. సంకేతం ఆగిన రోజో, అతన్ని చివరిసారి చూసిన రోజో, ఆధారం ఏది చెబితే ఆ తేదీ వేయండి. సెల్యులర్ జైలు గోడల మీద ఖైదీల పేర్లు రాయించారు. మెరీనా పార్కులో సునామీ స్మారకం దగ్గర ఏటా పూలు పెడుతున్నారు. వేటకు వెళ్ళి తిరిగిరానివారి పేర్లు, వాళ్ళు బయల్దేరిన తేదీలతో సహా, జంగ్లీఘాట్ రేవులో ఒక పలక మీద ఉండాలి. కొత్త పేరు చెక్కేముందు ఆమె అనుమతి అడగండి. ఆ ఆదేశం ముసాయిదా తయారైతే తెలుగు, తమిళం, బెంగాలీ, మలయాళాల్లో మత్స్యకార పేటల్లో అతికించి, ముందుగా అభిప్రాయం చెప్పాల్సింది గల్లంతైనవారి భార్యలేనని అందులో రాయండి. సహకార సంఘాల పెద్దలతో సమావేశం ఆ తర్వాత పెట్టవచ్చు.

భవదీయ,
డిగ్నాబాద్ నుంచి ఒక తెలుగు పౌరుడు